పాటతో పోట్లాడిన చెవి మిషన్

2022 ఎండాకాలం. కోరుట్ల బస్టాండుకు దగ్గర్ల, మందుల దుకాణం పైన రెండు గదులు. ముందటి గదిల బెంచీలు, ఒక కూలరు. లోపలి గదిల, బయటి చప్పుడు రాకుండ గోడలకు మెత్తలు కొట్టిన చిన్న అర. ఆ అరల మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఎంత సన్నటి చప్పుడు దాకా వినవడుతదో చూసుడు, అవసరం ఉన్నోళ్లకు చెవి మిషన్ సరిచేసి పెట్టుడు నా పని. ఆడియాలజిస్ట్ అంటరు. ఇక్కడ మాత్రం అందరు "చెవుల డాక్టరమ్మ" అనే అంటరు. నేను డాక్టరును కానని మొదట్ల ప్రతి ఒక్కరికి చెప్పేదాన్ని. ఇప్పుడు ఎట్ల పిలిచినా పలుకుతున్న.

గల్ఫుల ఏండ్లకేండ్లు రాయి పగలగొట్టే మిషన్లు పట్టి వచ్చినోళ్లు, జగిత్యాల నుంచి ఈఎన్‌టీ డాక్టరు పంపేటోళ్లు, ఇంకా మాటలు రాని చిన్నపిల్లలను ఎత్తుకొని వచ్చే తల్లులు, ఇట్ల రోజు నిండుతది. పని నడుమ ఎవరన్న "ఇంతకు ముందు ఏం చేసేదానివి బిడ్డా?" అని అడిగితె, "రాక్ బ్యాండ్ల గిటార్ వాయించేదాన్ని" అంట. నమ్మేటోళ్లు తక్కువ. నా తెల్లకోటు చూసి నవ్వుతరు.

నేను పుట్టింది సిరిసిల్ల. పవర్‌లూమ్‌లను మా దగ్గర సాంచెలు అంటరు. మా ఇంటి వెనుక గోడకు అవతలనే నాయిన కార్ఖానా. ఆ టకటకల నడుమనే చదువుకున్న, నిద్రపోయిన. హైదరాబాద్‌ల ఇంజనీరింగ్‌కు పోయినంక హాస్టల్‌ల పక్క మంచం పిల్ల దగ్గర గిటార్ పట్టుడు నేర్చుకున్న. పరీక్షలు ఎట్లనో గట్టెక్కినయి గని పాణమంత గిటార్ మీదనే. నలుగురం కలిసి "పోగు" అని బ్యాండ్ పెట్టినం. నేను లీడ్ గిటార్. అంటె, పాట నడుమ పాడే గొంతు ఆగినప్పుడు ముందటికి వచ్చి మాట్లాడే గిటార్.

కాలేజీ పండుగలల్ల వాయించినం, పబ్బులల్ల వాయించినం, బెంగళూరు, పుణె పోయి వాయించినం. మా సొంత పాటలతోని ఒక ఆల్బమ్ తెచ్చినం. స్టేజీ ఎక్కంగనె ముందు వరుసల పోరగాండ్లు "ఆడివిల్ల లీడా?" అని మొఖాలు చూసుకునేది. రెండో పాట అయ్యేసరికి ఆ ముచ్చట మర్చిపోయి ఎగిరేది. నాయిన ఒక్కసారి వచ్చిండు మా షోకు. చుట్టుపక్కల పెద్దోళ్లంత చెవులు మూసుకుంటుంటె ఆయన ఒక్కడే చేతులు కట్టుకొని నింపాదిగ కూర్చున్నడు. అయిపోయినంక భయపడుకుంట అడిగిన, "చప్పుడు బాగున్నదా నాయినా, ఎక్కువైందా?" అని.

"ఎక్కువేంది బిడ్డా, మన కార్ఖానా కంటె తక్కువనే ఉన్నది" అన్నడు.

అంతకు మించిన మెప్పు నాకు ఏ పత్రికల రాలే.

బ్యాండు కొట్లాటతోని విడిపోలే. డ్రమ్స్ వాయించెటోడు పుణెల ఉద్యోగంల చేరిండు, పాడే పిల్ల డబ్బింగ్ పనిల కుదురుకున్నది, ఇంకొకడు పెండ్లి చేసుకొని ఊరికి పోయిండు. అదే నడుమ నా చెవులల్ల సన్నటి ఈల మొదలైంది. షో అయిపోయినంక కొంచెంసేపు ఉండి పోయే ఈల, పోవుడు మానేసింది. పరీక్షకు పోతె, హైదరాబాద్‌ల ఒక ఆడియాలజిస్ట్ మేడం ఆడియోగ్రామ్ గీసి చూపెట్టింది. ఆడియోగ్రామ్ అంటె వినికిడి గ్రాఫు. బొంగురు చప్పుళ్ల దగ్గర గీత బాగనే ఉన్నది, కీచు చప్పుళ్ల దగ్గర ఒక గుంత పడ్డది. "పెద్ద చప్పుడు తవ్విన గుంత ఇది. పూడదు గని, పెరగకుండ కాపాడుకోవచ్చు" అన్నది. నాకు బాధ కంటె ముందు ఆశ్చర్యమైంది. ఆ మిషన్ ఎట్ల పనిచేస్తది, ఆ గుంత అక్కడ్నే ఎందుకు పడ్డది అని అడుగుతనే ఉన్న. "నా స్టూడెంట్లు గూడ ఇన్ని ప్రశ్నలు అడగరు. వచ్చి చదువుకోరాదూ?" అని నవ్వుకుంట అన్నది మేడం. నేను నిజంగనె పోయి చదువుకున్న. క్లాసుల అందరు నన్ను "అక్కా" అని పిలిచేది.

ఇగ అసలు సంగతి.

ఆ ఎండాకాలం ఒకనాడు మిట్టమధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చిన్రు. ఆయన పేరు ఎలీషా, ఆమె పేరు రాహేలు. ఎల్లంతకుంట దిక్కు ఒక పల్లె. ఎలీషా కాక పడుచు వయసు నుంచి సిరిసిల్లల సాంచెలు నడుపుతున్నడు, రోజూ బస్సుల పోయి వస్తడు. రాహేలమ్మ చెల్లె కోరుట్లల ఉంటది, ఆమె చెప్తె వచ్చిన్రు. కాక గోడ దిక్కు చూసుకుంట కూర్చున్నడు. రాహేలమ్మ కొంగు ముడి ఇప్పి, చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అండ్ల చెవి మిషన్లు రెండు, కొత్తగ మెరుస్తున్నయి.

"కొనుక్కున్నడు మేడం. పెట్టుకోడు. ఎందుకు పెట్టుకోవంటె చెప్పడు. చర్చికి గూడ వస్తలేడు."

కాకను అరల కూర్చోబెట్టి పరీక్ష చేసిన. గ్రాఫు చూస్తె, నా దగ్గర ఉన్న గుంతనే ఈయనకు లోయ అయి కూర్చున్నది. ఏండ్ల కొద్ది సాంచెల నడుమ నిలవడ్డ చెవులు. మిషన్లు తీసి కంప్యూటర్‌కు కలిపి చూసిన. అమ్మినోళ్ల తప్పు ఏం లేదు. మాట వినవడేటందుకు ఎట్ల పెట్టాల్నో అట్లనే పెట్టిన్రు. కాకకు పెట్టి మెల్లగ మాట్లాడిన, అన్ని మాటలకు సరిగ్గ జవాబు చెప్పిండు.

"మాట ఇనవడుతున్నది గద కాకా. మరి ఎందుకు పెట్టుకుంటలేవు?"

చెవి మీది మిషన్‌ను ఏలుతోని తడిమిండు. అటెంక అన్నడు, "మాటకు మంచిగనే ఉంటది బిడ్డా. పాడితె నాతోని పోట్లాడుతది."

అప్పుడు రాహేలమ్మ చెప్పింది. వాళ్ల ఊరి చర్చిల ఆదివారం మొదటి పాట ఎత్తుకునేది ఈయననే. పాస్టర్లు మారిన్రు గని పాట ఎత్తుకునే గొంతు మారలే. ఎవరింట్ల చావైనా, పెండ్లైనా ఎలీషా పాట లేకుండ కాదు. కొన్నాళ్ల నుంచి ఆయన పాట ఒక దిక్కు, కీబోర్డు ఒక దిక్కు పోవుడు మొదలైంది. ఒక పండుగ నాడు ముందు వరుసల పిల్లలు నవ్విన్రు.

"ఎందుకు నవ్వుతున్నరో నాకు ఎరుకలే" అన్నడు కాక. "ఇంటికి పోయినంక మా ఇంటిది చెప్పింది. మిషన్ పెట్టుకుంటె సరైతదని కొనుక్కున్న. పెట్టుకొని ఇంట్ల ఒక్కన్నే పాడి చూసిన. రాగం గుంజిన జాగల గిది గిలగిల కొట్టుకుంటది. నా గొంతు లెక్కనే ఉండది. దేవుడు వద్దంటున్నడేమో అనుకున్న."

"ఒక్కసారి నా ముందట పాడుతవా?"

తల అడ్డం ఊపిండు. నేను మళ్ల అడుగలే. స్టేజీ మీద గొంతు జారినోళ్లను చూసిన నేను. ఆ గాయం మీద చేయి పెట్టొద్దు.

ఇంకోసారి వచ్చినప్పుడు నా గిటార్ క్లినిక్‌కు తెచ్చిన. దాన్ని చూసి కాక మొదటిసారి కండ్లు పెద్దగ చేసిండు. "గిది సినిమాలల్ల ఎగురుకుంట వాయిస్తరు, గదేనా? నువ్వు గూడ ఎగురుతవా?"

"ఎగిరేదాన్ని కాకా. ఇప్పుడు కూర్చొని వాయిస్త."

మిషన్ ఆయన చెవికి పెట్టి, తీగ మీటి వెంటనే ఆపిన. బాగున్నదన్నడు. మళ్ల మీటి, ఆపకుండ సాగదీసిన. కాక మొఖం ముడుచుకున్నడు. "ఇగో, ఇప్పుడు వణుకుతున్నది."

మాకు స్టెతోక్లిప్ అని ఒక పనిముట్టు ఉంటది. డాక్టర్ల స్టెతస్కోపు లెక్కనే ఉంటది గని దాని కొసకు చెవి మిషన్ తగిలించి, పేషెంటు ఏం వింటున్నడో మనం వినొచ్చు. తగిలించి విన్న. నిజమే. సాగదీసిన స్వరం నీళ్లల్ల పడ్డ నీడ లెక్క వణుకుతున్నది. నవ్వొచ్చింది, ఎందుకంటె ఈ దొంగ నాకు పాత చుట్టం.

మైకు దాని స్పీకరు చప్పుడును అదే మళ్ల అందుకుంటె కుయ్యిమని ఈల వస్తది. పెండ్లి పందిట్ల అందరం విన్నదే. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటరు. రాక్ గిటారిస్టులు ఆ ఈలను బతిమాలి పిలుస్తరు. గిటార్ చప్పుడును పెంచే ఆంప్ ముందట గిటార్ పట్టుకొని నిలవడి, ఒక్క స్వరాన్ని గాలిల నిలబెట్టి, దాంతోని ఆడుకుంటరు. నేను ఏండ్ల తరబడి చేసిన పని అది. చెవి మిషన్ల అదే ఈల వస్తె ప్రాణం తీస్తది, అందుకే దాన్ని పట్టి చంపెయ్యటానికి లోపల ఒక కాపలాదారున్ని పెడతరు. ఆ కాపలాదారుకు మాటలు తెలుసు గని రాగం తెల్వదు. మనిషి గొంతు ఒక స్వరం మీద నిలవడితె, ఈల మొదలైందనుకొని మీద వడుతడు. కాక చెప్పినట్టు, పోట్లాడుతడు.

"కాకా, దేవుడు వద్దనలే. మిషన్ నీ పాటను ఈల అనుకుంటున్నది" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయో, నవ్విండో నాకు సరిగ్గ తెల్వలే. "నా పాట ఈల లెక్క ఉన్నదా?" అన్నడు.

మిషన్‌ల ఇంకో ప్రోగ్రామ్ తయారు చేసిన, మీట నొక్కితె మారేటట్టు. మాటకు ఒకటి, పాటకు ఒకటి. పాట ప్రోగ్రామ్‌ల కాపలాదారున్ని పండబెట్టిన. కంప్రెషన్ గూడ తగ్గించిన. కంప్రెషన్ అంటె పెద్ద చప్పుడును అదిమి, చిన్న చప్పుడును లేపి, రెంటిని ఒక్క ఎత్తుకు తెచ్చుడు. మాటకు మంచిదే, పాటకు మాత్రం ఎత్తుపల్లాలు పోయి చదును అయితది. అయితె కాపలాదారు పండుకుంటె నిజం ఈల వచ్చే ప్రమాదం ఉన్నది. అది రావొద్దంటె మిషన్ చెవికి సందు లేకుండ కూర్చోవాలె. చెవి అచ్చు తీసి, దానికి సరిగ్గ పట్టే తొడుగు చేయించాలె, దాన్ని ఇయర్ మౌల్డ్ అంటరు. అచ్చు తీసి పంపిన. "మౌల్డ్ వచ్చేదాక ఇంట్లనే పాడుకో కాకా, చర్చిల వద్దు" అని చెప్పిన.

తర్వాత వచ్చినప్పుడు కాక మొఖం నల్లగ ఉన్నది. మిషన్లు తీసి బల్ల మీద పెట్టిండు.

"ఇగ వద్దు బిడ్డా."

ఆగలేకపోయిండట. ఇంట్ల పాడుకుంటె గొంతు నిలవడ్డదని సంబురమైంది. ఆదివారం పొద్దున రాహేలమ్మ కంటె ముందు తయారై చర్చికి పోయిండు. మొదటి పాట నడుమ మిషన్ కుయ్యిమని ఒర్రింది. చర్చి మొత్తం ఆయన దిక్కే చూసింది. పాట ఆపి, చెప్పులు గూడ తొడుక్కోకుండ ఇంటికి నడిచిండు.

"చెప్పులు నేను పట్టుకొని పోయిన మేడం" అన్నది రాహేలమ్మ.

మౌల్డులు అప్పుడే వచ్చి ఉన్నయి. అవి తొడిగిన. చెవికి అతుక్కొని కూర్చున్నయి. దగ్గరికి చేయి పెట్టినా ఈల లేదు. అయినా కాక లేచి నిలవడ్డడు, పోదామన్నట్టు. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఇంట్ల బాగున్నది చర్చిల ఎందుకు చెడ్డదో నేను ఈ గదిల కూర్చుంటె తెల్వదు. మా బ్యాండు ఏ ఊరికి పోయినా ముందుగాల సౌండ్ చెక్ చేసేది, అంటె జనం రాకముందే ఆ హాలుల చప్పుడు ఎట్ల తిరుగుతదో చూసుకునేది. కాక పాడే జాగను నేను చూడనే లేదు.

"వచ్చే ఆదివారం నేను వస్త కాకా. పాడకు. ఊకె వచ్చి కూర్చో."

ఎల్లంతకుంట దాక బస్సు, అక్కడ్నించి ఆటో. రేకుల కప్పు చర్చి, రంగు కాయితాల తోరణాలు. పాస్టరు సామ్యేలు గారు ఇంకా వయసుల చిన్నాయన, ఆయన భార్య కీబోర్డు వాయిస్తది. లోపలికి పోయి చూస్తె నవ్వాపుకునుడు కష్టమైంది. కూర్చునేది ముప్పై మంది, స్పీకరు బాక్సులు మాత్రం ఊరంతటికి సరిపోయేటియి. రెండూ పాడేటోళ్ల దిక్కే తిరిగి ఉన్నయి. పైన రేకు. ఆ చప్పుడుల మంచి చెవులున్నోళ్లకే శ్రుతి దొరకదు.

"అయ్యగారూ, బాక్సులు జనం దిక్కు తిప్పి, చప్పుడు సగం తగ్గిద్దామా?" అని అడిగిన.

పాస్టరు గారు సంకోచించిండు. "మాది చిన్న ఊరు మేడం. చప్పుడు తగ్గిస్తె మన దేవుడు ఇంటడా అని అడిగేటోళ్లున్నరు."

వెనుక బల్ల మీద ముడుచుకొని కూర్చున్న ఎలీషా కాక అక్కడ్నించే అన్నడు, "దేవుడికి చెవి మిషన్ అక్కర లేదయ్యగారూ. నాకే గావాలె."

అందరు నవ్విన్రు. కాక గూడ నవ్విండు. పాస్టరు గారు సొంతంగ పోయి బాక్సులు తిప్పిండు. తిప్పుకుంట నాతోని మెల్లగ అన్నడు, "ఆయన రాకపోతె నాకు మనసున పట్టలే మేడం. ఎట్ల పిలువాల్నో తెల్వక పిలువలే."

ఇంకొకటి మిగిలింది. ఎంత మిషన్ పెట్టినా కాకకు సన్నటి పై స్వరాలు తిరిగి రావు. పాత ఎత్తుల పాడితె పైకి పోయినప్పుడల్ల తడుముకోవాల్సిందే. "అమ్మా, శ్రుతి రెండు మెట్లు కిందికి దించి వాయిస్తరా?" అని పాస్టరమ్మను అడిగిన. కీబోర్డుల దానికి మీట ఉంటది. దించింది. కాక దగ్గరికి పోయి "పాట మీటకు మార్చు" అని చెవి చూపెట్టిన. పాడుమని మాత్రం అనలే.

కీబోర్డు మొదలైంది. అందరు లేచి నిలవడ్డరు. ఎవరు ఎత్తుకోలే. ఆ ఊర్ల ఆ పాట ఎవరు ఎత్తుకుంటరో అందరికి తెలుసు, అందుకే ఆగిన్రు. కీబోర్డు మళ్ల మొదటికి వచ్చింది. అప్పుడు వెనుక నుంచి కాక గొంతు లేచింది.

మొదటి చరణం చీకట్ల గోడ పట్టుకొని నడిచినట్టు పాడిండు. రెండో దాంట్ల గోడ వదిలిండు. రాగం గుంజే జాగ వచ్చింది. స్వరం నిలవడ్డది. ఈల లేదు, వణుకు లేదు. బొంగురు గొంతు, వయసు తెలిసే గొంతు, సరిగ్గ కీబోర్డు పక్కనే నిలవడ్డది. ఆడోళ్ల వరుసల రాహేలమ్మ పాడుడు ఆపేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వింటున్నది.

అయిపోయినంక కాక నా దగ్గరికి రాలే. మొదట భార్య దగ్గరికి పోయిండు. "తప్పిందా?" అని అడిగిండు.

"తప్పలే" అన్నది ఆమె.

అటెంక నా దగ్గరికి వచ్చి, "నా గొంతు మారింది బిడ్డా. పాత గొంతు కాదు. గని నాదే" అన్నడు.

ఆ తర్వాత ఏదో అద్భుతం జరిగిందని చెప్పను. పాటకు కొట్టే తాళాల చప్పుడు ఆయనకు ఇప్పటికీ ఇనవడదు. పైకి పోయే పాటలు పాస్టరమ్మకు వదిలేసి, మొదటి పాట మాత్రం తన దగ్గర పెట్టుకున్నడు. సాంచెల కాడ చెవులల్ల పెట్టుకోమని చప్పుడు ఆపే అడ్డాలు ఇచ్చిన. మొదట్ల తోటి పనోళ్లు నవ్విన్రట, ఇప్పుడు వాళ్లే ఒక్కొక్కరు వచ్చి చేయించుకుంటున్నరు. రాహేలమ్మ కనవడినప్పుడల్ల ఒక్కటే ఫిర్యాదు. "చర్చిల ఒక్క పాటనే. ఇంట్ల మాత్రం ఆపుతలేడు మేడం. బువ్వ కాడ గూడ పాటనే."

"గిటార్ ఇడిచిపెట్టి చెవి మిషన్లు పెడుతున్నవా?" అని నా పాత దోస్తులు ఫోన్‌ల ఎక్కిరిస్తరు. ఇడిచిపెట్టలేదని చెప్త. ఆదివారం పొద్దున చప్పుడు తగ్గించుకొని వాయించుకుంట, చెవుల ఈల దాని పాట అది పాడుతది. స్టేజీ మీద దొరికిన సంతోషం నిజమే. ఆ రేకుల కింద దొరికింది గూడ అంతే నిజం. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని చిన్నది చేయబుద్ధి కాదు.

ఎలీషా కాక నేర్పింది నా పని మొత్తంల చిన్న మార్పు. అంతకు ముందు మిషన్ పెట్టంగనే "మాట ఇనవడుతున్నదా?" అని అడిగేదాన్ని. చదువుల మాకు నేర్పింది అదే. ఇప్పుడు మిషన్ పెట్టకముందే అడుగుత, "నీకు ఏం ఇనాలని ఉన్నది?" అని. ఆ ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లది. ఒక రైతు, పొలం కాడ మోటరు పోస్తున్నదా ఆగిందా ఇంటి నుంచే తెల్వాలన్నడు. బీడీలు చేసే ఒకామె, మనవరాలు గుసగుసగ చెప్పే ముచ్చట్లు కావాలన్నది.

మొన్న వెల్గటూర్ నుంచి ఒక ముసలవ్వ వచ్చింది. అదే అడిగిన. సిగ్గువడి, అటు ఇటు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మా ముసలోని గురక ఇనవడ్తలేదు బిడ్డా. అది లేక నాకు నిద్ర పడ్తలేదు."

పండుకునేటప్పుడు మిషన్ తీసి పక్కన పెట్టుకోవాలని వచ్చినోళ్లందరికి చెప్త. ఆ అవ్వకు మాత్రం చెప్పలే.